సిబిల్‌లో ఏమీ లేనివాళ్లకు మొదటి క్రెడిట్ కార్డు: బెంగళూరులో నా అనుభవం

క్రెడిట్ కార్డు కావాలని నాకెప్పుడూ అనిపించలేదు. తమ్ముడి చదువు కోసం దాని వెంట పడాల్సొచ్చింది. వాడు బీటెక్ ఆఖరి ఏడాదిలో ఉన్నాడు, పై చదువుకు లోను తీసుకోక తప్పదు. నాన్న కౌలు రైతు. ఆదాయం చూపించే కాగితం ఒక్కటీ ఆయన పేరు మీద లేదు. కావలిలో బ్యాంకుకెళ్లి అడిగితే, "బెంగళూరులో ఉద్యోగం చేసే అక్క ఉంది గదా, ఆమెను కో-అప్లికెంట్‌గా పెట్టండి. ఆమె సిబిల్ ఎట్లుందో ముందే చూసుకుని రండి" అన్నారట. నాన్న ఫోన్ చేసి ఆ మాట చెప్పిన రాత్రే సిబిల్ (మన అప్పులు, కిస్తీల చరిత్ర రాసిపెట్టి స్కోరు ఇచ్చే సంస్థ) సైట్లో పాన్ నంబరు కొట్టి రిపోర్టు తీశాను.

అప్పటిదాకా నేను ఎవరి దగ్గరా రూపాయి అప్పు చేయలేదు. ఫోను ఈఎంఐ కూడా లేదు, డబ్బు కూడబెట్టాకే కొనుక్కున్నాను. మా ఇంట్లో అది గర్వంగా చెప్పుకునే సంగతి. రిపోర్టు తెరిస్తే పేరు, పుట్టిన తేదీ, పాన్, పాత ఫోన్ నంబరు ఉన్నాయి. అకౌంట్ల వివరాలు ఉండాల్సిన చోట మొత్తం ఖాళీ. స్కోరు ఉండాల్సిన చోట అంకె లేదు, ఎన్‌హెచ్ అని ఉంది. అంటే హిస్టరీ లేదని.

ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు కాబట్టి విడమరిచి చెప్తాను. స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. అప్పు ఎగ్గొట్టినవాళ్లకు, కిస్తీలు ఆలస్యం చేసినవాళ్లకు అది తగ్గుతుంది. మనలాంటివాళ్లకు అసలు స్కోరే పుట్టలేదు. అంటే మన మీద మచ్చేమీ లేదు. అయినా అప్లికేషన్ పెట్టినప్పుడు కంప్యూటరు ఇద్దరినీ గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఆ రాత్రి నాకు నిజంగా బాధేసింది. ఊళ్లో మా నాన్న మాట మీద ఎరువుల కొట్టువాళ్లు పంట చేతికొచ్చేదాకా ఆగుతారు. ఆయన కూతురికి ఇక్కడ నమ్మకం చూపించడానికి ఒక్క గీత కూడా లేదు.

రిపోర్టుకు డబ్బు కట్టాలేమోనని భయపడేవాళ్లకు ఒక మాట. మన దేశంలో క్రెడిట్ బ్యూరోలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఒక్కోటీ ఉచితంగా ఇచ్చి తీరాలి, అది రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమం. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరుకు ఏమీ కాదు.

మా ఆఫీసు మారతహళ్లిలో. చిన్న కంపెనీ, దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిపెడతాం. నాది సపోర్టు పని, చేతికి 34,000 వస్తుంది. జీతం పడే బ్యాంకులోనే ముందు అడిగాను. కార్డుల డెస్కులో కూర్చున్న అబ్బాయి కంపెనీ పేరు అడిగి, బ్యాంకు ఒప్పుకున్న కంపెనీల లిస్టులో వెతికి, "మేడమ్, మీ కంపెనీ మా దగ్గర లిస్ట్ అవలేదు. అయినా అప్లై చేద్దాం" అన్నాడు. ఇంతింత పెద్ద టెక్ పార్కుల్లో పనిచేసేవాళ్లకు మొదటి జీతం పడకముందే కార్డులు ఇస్తామంటూ ఫోన్లు వస్తాయి. చిన్న కంపెనీల వాళ్లకు ఈ లిస్టు పెద్ద అడ్డు. కొన్నాళ్లకు మెసేజ్ వచ్చింది: బ్యాంకు అంతర్గత విధానాల ప్రకారం మీ అప్లికేషన్ అంగీకరించలేకపోతున్నాం. అంతే.

నేనుండే పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్)లో మా పక్క గది అక్క ఆడిట్ ఆఫీసులో పనిచేస్తుంది. ఆ మెసేజ్ చూపిస్తే, "ఊరికే వదిలేయకు, కారణం రాతపూర్వకంగా అడుగు. ఇవ్వకపోతే కుదరదు" అంది. నిజమే. క్రెడిట్ కార్డుల మీద రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్‌లో, అంటే బ్యాంకులు పాటించాల్సిన నియమాల పత్రంలో ఆ మాట ఉంది, అప్లికేషన్ తిప్పికొడితే ఫలానా కారణమని కస్టమరుకు రాసివ్వాలి. అప్లికేషన్ నంబరు వేసి, ఆ డైరెక్షన్ పేరు చెప్పి, నాలుగు లైన్ల మెయిలు పెట్టాను. మొదట అదే పాత జవాబు మళ్లీ వచ్చింది. ఫిర్యాదుల అధికారికి పంపాక అసలు జవాబొచ్చింది. అందులో కారణాలు రెండు. క్రెడిట్ బ్యూరోలో సమాచారం లేదు, ఇది తెలిసిందే. రెండోది, కేవైసీ (మనమెవరో రుజువు చేసే కాగితాలు) వివరాల్లో పేరు సరిపోలలేదు.

ఈ రెండో సంగతి ఆ మెయిలు పెట్టకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఇంకో నాలుగు బ్యాంకులకు అప్లై చేసినా ఇదే అడ్డుపడేది. అడక్కపోతే అమ్మైనా పెట్టదంటారే, అది బ్యాంకు విషయంలో ఇంకా నిజం.

మన తెలుగువాళ్ల పేర్ల గొడవ ఇక్కడ బయటపడుతుంది. పదో తరగతి మెమోలో నా ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, మొత్తం విడమరిచి ఉంది. ఆధార్ చేసినప్పుడు ఊళ్లో క్యాంపు పెట్టినవాళ్లు ఇంటిపేరుకు ఒక్క ఇనీషియల్ కొట్టి వదిలేశారు. పాన్ ఫారంలో ఇనీషియల్స్ ఒప్పుకోరు, ఇంటిపేరు పూర్తిగా రాయాలి, అదీ లాస్ట్ నేమ్ గళ్లలో. అలా పాన్‌లో ఇంటిపేరు పేరు వెనక్కు పోయింది. బ్యాంకు అకౌంట్ ఆధార్‌తో తెరిచారు కాబట్టి అక్కడ ఇనీషియలే. ఒక్క మనిషికి మూడు చోట్ల మూడు రకాల పేర్లు. జీతం పడటానికి, యూపీఐకి ఇది ఎక్కడా అడ్డు రాదు. అప్పు అడిగినప్పుడే, బ్యూరోలో పాన్‌తో వెతికి, ఆధార్‌తో పోల్చి చూసినప్పుడే బయటపడుతుంది. హైదరాబాదులో చదివిన మా కొలీగ్‌కైతే ఇంటిపేరు స్పెల్లింగే పాన్‌లో ఒకటి, సర్టిఫికెట్లలో ఒకటి.

నేను చేసింది ఇది. పాన్‌లో ఉన్న పేరునే ఆధారంగా పెట్టుకుని ఆధార్‌లో పేరు మార్పించాను. ఆధార్ సేవా కేంద్రంలో అపాయింట్‌మెంట్ తీసుకుని, పాన్ కార్డు ఒరిజినల్ పట్టుకెళ్తే సరిపోయింది. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. కాబట్టి కౌంటర్లో టైపు చేసి చూపించిన కాగితాన్ని అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టండి. నా ఇంటిపేరులో ఒక 'హెచ్' ఎగిరిపోయింది, అక్కడే చూసి దిద్దించాను. తర్వాత జీతం బ్యాంకులో కేవైసీ మళ్లీ చేయించి అక్కడా అదే పేరు ఎక్కించాను. అడ్రసు మాత్రం ఊరిదే ఉంచేశాను. మేముండే మున్నేకొళాల పీజీలో అద్దె అగ్రిమెంటు ఇవ్వరు. ఆధార్‌లో ఊరి అడ్రసు ఉన్నా, ఇప్పుడుంటున్న అడ్రసు మనమే రాసి సంతకం పెట్టి ఇస్తే కేవైసీకి చెల్లుతుంది. ఈ సంగతి తెలియక పీజీ ఆంటీ చుట్టూ తిరిగేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఈ మధ్యలోనే ఇంకో వార్త చదివాను. మొదటిసారి లోను అడిగేవాళ్లను కేవలం హిస్టరీ లేదన్న కారణంతో తిరస్కరించొద్దని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరి 6న ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్‌లో ఉందని, 2025 ఆగస్టులో ఆర్థిక శాఖ సహాయ మంత్రి పార్లమెంటులో చెప్పారు. చదివి చాలా సంతోషపడ్డాను. మాలాంటివాళ్లున్నారని అంత పెద్ద చోట ఒకరు అనుకున్నారు. కానీ దాన్ని పట్టుకుని కౌంటర్ దగ్గర వాదిస్తే కార్డు చేతిలో పెడతారని అనుకోకండి. జీతం, ఉద్యోగం, మిగతావన్నీ చూసి ఇవ్వాలో వద్దో తేల్చుకునే హక్కు బ్యాంకుకు ఉంది. తమ్ముడి లోను దగ్గర మాత్రం ఈ మాట పనికొస్తుందని పక్కన రాసిపెట్టుకున్నాను.

దారులు చెప్పేవాళ్లకు ఏం కొదవ లేదు. తన కార్డు మీద యాడ్-ఆన్, అంటే దానికే అనుబంధంగా ఇంకో కార్డు, ఇప్పిస్తానంది మా టీమ్ లీడ్. మంచి మనసుతోనే అంది, కానీ ఆ అకౌంట్ ఆమె పేరు మీదే నడుస్తుంది, దాంతో నాకంటూ హిస్టరీ వస్తుందన్న నమ్మకం లేదు. నాన్న ఏమో అమ్మ గొలుసు నా పేరు మీద తాకట్టు పెట్టి విడిపిద్దామన్నాడు. గోల్డ్ లోను కూడా బ్యూరోకు వెళ్తుంది కాబట్టి అదీ దారే. అమ్మ మెడలోది తీయించడం నాకు ఇష్టం లేకపోయింది. ఫైలు ఛార్జి 1,500 కడితే గ్యారంటీగా కార్డు అన్న ఫోన్లకు జవాబే ఇవ్వలేదు.

మా రూమ్మేట్ పరిస్థితి చూశాక ఇంకో సంగతి అర్థమైంది. తను కర్నూలు అమ్మాయి, కార్డు కోసం కనపడిన యాప్‌లన్నిట్లో నొక్కేసింది. ఆమె రిపోర్టులో చివరి పేజీ ఎంక్వైరీలతో నిండిపోయింది: తేదీ, అడిగిన సంస్థ, ఎందుకోసం, ఎంత మొత్తం, వరసగా. మనం అప్లై చేసిన ప్రతిసారీ ఆ సంస్థ మన రిపోర్టు తెరుస్తుంది, ఆ తెరిచిన గుర్తు అక్కడ పడుతుంది, అవి ఎక్కువైతే అప్పు ఇచ్చేవాళ్లు జంకుతారు. తను నొక్కిన యాప్‌లలో ఒకటి 'పే లేటర్' (ఇప్పుడు కొని తర్వాత కట్టేది) అట, 2,000 రూపాయల పర్సనల్ లోనుగా అకౌంట్ల కిందే ఉంది. లోను అని ఆమెకు తెలియను కూడా తెలియదు. ఎవరైనా మన రిపోర్టు తెరిస్తే మెసేజ్ వచ్చే ఏర్పాటు 2024 నుంచి ఉంది. ఆ మెసేజ్‌లను చెత్తలో కలపకుండా చదవండి.

చివరికి పని జరిగింది ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డుతో. మా ఆఫీసు దగ్గరి ఇంకో బ్యాంకు బ్రాంచిలో ఆఫీసరమ్మ గుంటూరామె. నా ఆధార్‌లో ఊరు చూసి, "కావలి దగ్గరా? కూర్చో అమ్మా" అని తెలుగులోకి దిగింది. ఆమె చెప్పింది ఇంతే. డిపాజిట్ వేస్తాం. దాని మీద లీన్ పెడతారు, అంటే కార్డు ఉన్నంతకాలం ఆ డబ్బు తీసుకోవడానికి ఉండదు. వడ్డీ మాత్రం మామూలుగానే వస్తుంది. డిపాజిట్‌లో కొంత శాతం కార్డు లిమిట్‌గా ఇస్తారు. అక్కడ 80 శాతం, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. డబ్బు బ్యాంకు చేతిలోనే ఉంది కాబట్టి కంపెనీ లిస్టు, సిబిల్ అడ్డురావు. నేను 30,000 వేశాను, 24,000 లిమిట్ వచ్చింది.

సంతకం పెట్టేముందు నేను అడిగినవి చెప్తాను, మీరూ అడగండి. ఈ కార్డు నాలుగు బ్యూరోలకూ క్రెడిట్ కార్డుగానే రిపోర్టవుతుందా? యాప్‌లలో దొరికే కొన్ని ప్రీపెయిడ్ కార్డులు చూడ్డానికి ఇలాగే ఉంటాయి, వాటితో హిస్టరీ రాదు. ఏడాది ఫీజు ఎంత? డిపాజిట్ మెచ్యూర్ అయినప్పుడు కార్డు ఏమవుతుంది? బిల్లు కట్టకపోతే? ఆఖరిదానికి ఆమె సూటిగా చెప్పింది: "డిపాజిట్‌లోంచి తీసుకుంటాం. కానీ కట్టలేదన్న సంగతి రిపోర్టుకెక్కుతుంది. డబ్బు వచ్చేసింది గదా అని అది చెరిపేయరు."

అమ్మకు చెప్తే మొదట మండిపడింది. "ఏందమ్మాయ్ ఇది? మన డబ్బులు వాళ్ల దగ్గర పెట్టి, మళ్లా మనమే అప్పు తీసుకోవడమేంది?" అమ్మ ఇరవై ఏళ్లుగా పొదుపు గ్రూపులో ఉంది. మా నెల్లూరు జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక, రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి మొదలైంది. అందుకని ఆ లెక్కలోనే చెప్పాను. "మీ గ్రూపు పెట్టిన మొదటి రోజే బ్యాంకు లోనిచ్చిందా అమ్మా?" యాడ ఇస్తారు, ముందు మేం దాచుకోవాల, ఆ డబ్బే లోపల లోపల అప్పులిచ్చుకుని కట్టుకోవాల, పుస్తకాలు చూపించాల, ఆరు నెలలు గడిచాక గదా బ్యాంకాయన మా మొహం చూసింది అంది. నాదీ అంతే అన్నాను. కాసేపు ఆగి, "సరే, అట్లయితే కిస్తీ రోజు మాత్రం తప్పబాకు" అంది. ఆర్థిక సలహాలు చెప్పే వీడియోలు చాలా చూశాను, అమ్మ చెప్పినంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

కార్డు ఆఫీసుకు వచ్చింది. కవరు ఇచ్చేముందు డెలివరీ అబ్బాయి ఐడీ చూశాడు. కొత్త కార్డులో ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం మూసే ఉంటాయి, కావాలంటే యాప్‌లో మనమే తెరవాలి. ఆన్‌లైన్ తెరిచి దానికి 3,000 హద్దు పెట్టాను, విదేశీది అలాగే వదిలేశాను. నాది రూపే కార్డు కాబట్టి యూపీఐకి కలుపుకున్నాను. మారతహళ్లిలో కిరాణా కొట్టు దగ్గర నుంచి ఆంధ్రా మెస్సు దాకా స్కాన్ చేస్తే చాలు. కాకపోతే అది దుకాణాలకే పనిచేస్తుంది, మనుషులకు డబ్బు పంపడానికి పనికిరాదు. ఏటీఎంలో కార్డు పెట్టి డబ్బు తీయడం అసలు వద్దు. తీసినందుకు ఛార్జి, పైగా ఆ రోజు నుంచే వడ్డీ.

మొదటి స్టేట్‌మెంటును దాచిపెట్టుకున్నాను. పైన మూడే గళ్లు ముఖ్యం. మొత్తం కట్టాల్సింది 6,400. కనీసం కట్టాల్సింది 320. ఆఖరి తేదీ. ఆ 320 చూడగానే ప్రాణానికి హాయిగా ఉంటుంది, ప్రమాదం అక్కడే. 320 కట్టి మిగతాది వదిలేస్తే 6,080 మీద నెలకు మూడున్నర శాతం చొప్పున 213 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 38. అంటే కట్టిన 320లో 251 వడ్డీకీ జీఎస్టీకే పోయినట్టు, అసలు తరిగేది 69 రూపాయలు. నిజానికి ఇంకా ఎక్కువే అవుతుంది, ఎందుకంటే వడ్డీ కొన్న రోజు నుంచి లెక్కేస్తారు, పాత బాకీ ఉన్నన్నాళ్లు కొత్తగా కొన్నవాటికీ వడ్డీ లేని గడువు ఉండదు. ఏడాదికి 42 శాతం. అవతల నా సొంత డబ్బు డిపాజిట్‌లో ఏడు శాతానికి అటూఇటూగా వడ్డీ తెస్తుంటే, దాన్ని చూపించి 42 శాతానికి అప్పు తేవడం ఎవరికి లాభం? ఆటో డెబిట్ ఫారంలో రెండు గళ్లుంటాయి, కనీస మొత్తం ఒకటి, పూర్తి మొత్తం ఒకటి. పూర్తి మొత్తం దగ్గర టిక్కు పెట్టాను. గడువు దాటి మూడు రోజుల లోపు కట్టేస్తే లేటు ఫీజు వేయకూడదని, బ్యూరోకు చెప్పకూడదని నియమం ఉన్నమాట నిజమే. సర్వరు పని చేయనప్పుడు ఆదుకోవడానికి అది, అలవాటు చేసుకోవడానికి కాదు.

ఖర్చు మాత్రం పెంచలేదు. పీజీ సామాన్లు, ఫోన్ రీఛార్జి, కావలికి రైలు టికెట్లు, అంతకుముందు డెబిట్ కార్డుతో కట్టేవే ఇటు మార్చాను. లిమిట్‌లో మూడో వంతు దాటకుండా చూసుకున్నాను. లిమిట్ చిన్నది కాబట్టి ఒక్క నెల కొంచెం ఎక్కువ కొన్నా శాతం ఎగబాకుతుంది.

ఆరు నెలలు దాటాక రిపోర్టు తీస్తే ఖాళీగా ఉన్న చోట ఒక అకౌంట్ ఉంది. దాని కింద నెలకో గడి, ప్రతి గడిలో మూడు సున్నాలు. ఆలస్యమైన రోజులు సున్నా అని దానర్థం. పైన స్కోరు 740 చిల్లర. ఆ సున్నాల వరస అమ్మకు వీడియో కాల్‌లో చూపించాను. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకు సమాచారం పంపాల్సి ఉంది కాబట్టి, ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకు అకౌంట్ రిపోర్టులో తొందరగానే కనపడుతుంది. స్కోరుకు మాత్రం కొన్ని నెలలు ఓపిక పట్టాలి.

తమ్ముడి లోను కాగితాలు కావలి బ్రాంచిలో ఇచ్చాం. నా రిపోర్టు, ఆరు నెలల శాలరీ స్లిప్పులు తీసుకున్నారు. ఇంకా మంజూరు కాలేదు, కానీ ఈసారి సిబిల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. జీతం బ్యాంకు యాప్‌లో ఇప్పుడు మామూలు కార్డు ఆఫర్ కనపడుతోంది, తమ్ముడి లోను తేలేదాకా కొత్త ఎంక్వైరీ పడకూడదని దాన్ని ముట్టుకోలేదు. డిపాజిట్ కార్డును మూయించను. నా రిపోర్టులో ఉన్న ఒకే ఒక్క పాత అకౌంట్ అది, ఏడాది ఫీజు కూడా లేదు. డిపాజిట్ వచ్చే ఏడాది మెచ్యూర్ అవుతుంది. ఆటో రెన్యువల్ పెట్టించి, లీన్ అలాగే కొనసాగుతుందని ఆఫీసరమ్మ చేత మెయిలులో రాయించుకున్నాను.